వంటింటి కిటికీలో లినక్స్

నాచారం,
22 సెప్టెంబర్ 2025, సోమవారం.

సిరి బిడ్డా,

ఇక్కడ నేను, మీ అత్తమ్మ, నీవు వదిలిపోయిన ల్యాప్‌టాప్, ముగ్గురం ఉన్నాము. ఇద్దరం బాగున్నాము. మూడోదాని సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

నీవు చదువు పని మీద ఆదిలాబాద్ అడవికి పోయి ఎనిమిది దినాలైంది. అక్కడ ఫోను పలకదని నీవు చెబితే నమ్మలేదు. నలభైసార్లు చేసినాక నమ్మినాను. మీ ఆఫీసు బండి ప్రతి మంగళవారం హబ్సిగూడ నుంచి సామాన్లు తీసుకుని మీ క్యాంపుకు పోతుందట, శుక్రవారం తిరిగి వస్తుందట. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను చెప్పినాడు. కాబట్టి నేను సోమవారం రాసి, మంగళవారం పొద్దున సైకిలు మీద పోయి ఇచ్చి వస్తాను. మోకాలు నొప్పి ఉన్నా హబ్సిగూడ దాకా ఫికర్ లేదు.

ముచ్చట ఏమిటంటే, నా పాత దోస్తు కొమురెల్లి గుర్తున్నాడా? జనగామలో ఫిట్టర్ పని నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో ఉన్నాడు. వాళ్ళకు పాఠం చెప్పే మనిషి కావాలట. ఊరికి పోనక్కర లేదు, ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చెబితే చాలట. "ముప్పై నాలుగేండ్లు ఇనుము మీద ఆకురాయి వట్టినోడు నాచారంల ఉన్నడు" అని వాడు నా పేరు చెప్పినాడు. అక్టోబర్ 27న పొద్దున పదకొండు గంటలకు అక్కడి పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే తీసుకుంటారు.

నిజం చెబుతాను బిడ్డా. ఫ్యాక్టరీలో ఎంతమంది కొత్త ఇంజినీర్లకు నేను పని నేర్పినానో లెక్క లేదు. వాళ్ళు నేర్చుకుని పై అంతస్తుకు పోయినారు, సార్లు అయినారు. నన్ను మాత్రం రిటైరయ్యే రోజు దాకా "ఓ బిక్షపతీ" అనే పిలిచినారు. పిలుపుదేమున్నదిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఈ కబురు వచ్చిన కాడి నుంచి మనసు ఒక చోట నిలవడం లేదు. ఒక్కసారైనా పాఠం చెప్పే మనిషిగా కూర్చోవాలని మస్తు కోరికగా ఉన్నది.

ఇక యంత్రం స్థితి. లేవడం బాగు. తెర బాగు. మీటలు బాగు. ఇంటర్నెట్ అసలే లేదు. నా డబ్బా ఫోనుతో ఈ పని కాదు. పై అంతస్తులో ఉండే రైల్వే గార్డు అచ్యుతరావు గారిని, మా మేనకోడలు విండోస్‌కు బదులు లినక్స్ వేసిచ్చిందని చెప్పి సాయం అడిగితే, "లినక్సా? ఉచితంగా వచ్చిందా? ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగేస్తారండీ మనవాళ్ళు" అన్నాడు. నాకు కోపమొచ్చింది కానీ వైఫై ఆయనదే కాబట్టి నవ్వినాను.

ఏమి చేయాలో విడమరిచి రాయి. నేను చెప్పింది చెప్పినట్టు చేసే రకమని నీకు తెలుసు.

మీ అత్తమ్మ దీవెనలతో,
మామ బిక్షపతి


క్యాంపు, ఆదిలాబాద్ జిల్లా,
25 సెప్టెంబర్.

మామా, అత్తమ్మా, శనార్తులు.

ఉత్తరం చూసి క్యాంపులో అందరూ నా చుట్టూ మూగారు. ఎవరో పోయారనుకున్నారట. మా మామ పాఠాలు చెప్పబోతున్నాడని చెబితే, నాకు ఉద్యోగం వచ్చినంత పండగ చేశారు. మామా, నాకైతే ఆ పిలుపు ఎప్పుడో రావాల్సింది అనిపించింది.

తప్పు నాది. ఆ ల్యాప్‌టాప్ పాతది, చవకది. అందులో వైఫై పట్టే భాగం ఉంది కానీ, దాన్ని నడిపించే డ్రైవరు అనే ప్రోగ్రాం లినక్స్‌లో లేదు. అది చేసి పెడదామనుకునేలోపు రెండు రోజుల్లో బయలుదేరమన్నారు. నా బీరువా మూడో అరలో వైఫై పట్టే, చిటికెన వేలి గోరంత నల్ల ముక్క ఒకటి ఉంది. ల్యాప్‌టాప్ ఎడమ పక్క సందులో గుచ్చు. వైఫై పేర్లు వస్తాయి. అచ్యుతరావు గారిని నవ్వుతూనే పాస్‌వర్డ్ అడుగు.

తర్వాత ఈ కాగితం వెనక ఇంగ్లీషులో రాసిన ఆజ్ఞలు ఒక్కొక్కటే కొట్టు. పాస్‌వర్డ్ అడిగితే నేను స్టిక్కర్ మీద రాసి అంటించింది కొట్టు. కెమెరా, మైకు పని చేస్తున్నాయో లేదో చూసి రాయి.

ఇక్కడ మేము నేలలో వచ్చే సన్నటి కదలికలను పట్టే పరికరాలు పాతుతున్నాం. రోజూ సాయంత్రం ఆరింటికి ధన్, ధన్ అని ఒకే తీరుగా గీత పడుతోంది. మా పెద్ద సైంటిస్టు తారామణి మేడమ్ మూడు రోజులు తల పట్టుకున్నారు. చివరకు వెతుక్కుంటూ పోతే పక్క పల్లెలో ఒకామె రోట్లో ఎండుమిరప దంచుతోంది. "నా రోకలి సప్పుడు గూడ సర్కారు రాసుకుంటదా?" అని ఒకటే నవ్వు. మాకు పొట్లం నిండా కారం ఇచ్చి పంపింది.

అత్తమ్మ చేతి పచ్చిపులుసు కోసం మొహం వాచి,
సిరి


నాచారం,
29 సెప్టెంబర్.

బిడ్డా,

ముందు శుభం. నల్ల ముక్క దొరికింది, గుచ్చినాను, పేర్లు వచ్చినాయి. కానీ అచ్యుతరావు గారి వైఫై మన ఇంట్లో ఒకే ఒక్క చోట అందుతున్నది. వంటింటి కిటికీ. ముందు గదిలో లేదు, మెట్ల కింద లేదు. కిటికీలో పెడితేనే నాలుగు గీతలు నిండుగా వస్తున్నాయి.

అంటే పాఠం వంటింట్లో చెప్పాలి. పొయ్యి గట్టుకు, ఇనుప ముక్కను కదలకుండా పట్టే వైస్ బిగించాలి. ఈ మాట మీ అత్తమ్మకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. విన్నది, గరిటె కింద పెట్టింది. "ఇనుప రజను నా పప్పుల వడ్డదనుకో, నీ లినక్స్‌ను, నిన్ను గూడవెట్టి మూసీల గలుపుత" అన్నది. అంటే ఒప్పుకున్నట్టే. మరునాడు గట్టు మీద డబ్బాలన్నీ ఒక పక్కకు జరిపి ఉన్నాయి.

కెమెరా పని చేస్తున్నది. తెరలో నా ముఖం అద్దంలో కనబడినట్టే కనబడింది. మీ అత్తమ్మ నా భుజం మీదుగా చూసి, "ముందు గడ్డం గీసుకో, పోరగాండ్లు దడుసుకుంటరు" అన్నది. నా మాట మాత్రం అవతలికి పోవడం లేదు. మైకు మూగ.

ఇక అశుభం. మీటలు చెడిపోయినాయి. నీ ఆజ్ఞ ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకుంటూ కొట్టినాను. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే ఒక్క అక్షరం పడలేదు, చుక్క కూడా పడలేదు. దుమ్ము పట్టిందేమోనని సైకిలు పంపుతో గాలి కొట్టినాను. లోపలి నుంచి నాలుగు నూకలు, ఒక ఆవగింజ బయటపడినాయి. అయినా అంతే. విచిత్రమేమంటే వేరే చోట అక్షరాలు బాగానే పడుతున్నాయి, పాస్‌వర్డ్ కాడనే పడటం లేదు. మీటలకు కూడా పట్టింపులు ఉంటాయా?

ఈ మంగళవారం తర్వాత బండి దసరాకు ఆగుతుందేమో అంటున్నారు. ఆగకపోతే బాగుండు.

గాలి పంపు పక్కన పెట్టి,
మామ


క్యాంపు,
2 అక్టోబర్, దసరా.

మామా!

పంపు వద్దు. దయచేసి పంపు వద్దు. మీటలు నిక్షేపంగా ఉన్నాయి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు లినక్స్ అక్షరాలు చూపించదు, పక్కవాళ్ళు తొంగి చూస్తారని. నువ్వు కొట్టింది కొట్టినట్టు లోపల పడుతుంది. కళ్ళు మూసుకున్నట్టు కొట్టేసి ఎంటర్ నొక్కు. ఇది నీకు ముందే చెప్పాల్సింది, మాకు అలవాటైపోయి చెప్పాలన్న స్పృహే లేదు.

మైకు మూగ కాదు, ఎవరో నోరు నొక్కి పెట్టారు. వెనక రాసిన మొదటి ఆజ్ఞ కొడితే నిలువు గొట్టాల్లాంటి బొమ్మలు వస్తాయి. ‘క్యాప్చర్’ అని రాసి ఉన్న గొట్టం దగ్గరికి బాణం మీటతో వెళ్ళి స్పేస్ నొక్కు. ఎర్రగా వెలుగుతుంది. రెండో ఆజ్ఞ అప్‌డేట్. లినక్స్‌కు కొత్త దుస్తులు తొడగడం అనుకో. అదీ చేసేయి, అరగంట పడుతుంది.

బండి ఆగలేదు, రేపే బయలుదేరుతోంది. ఇక్కడ జమ్మి ఆకు దొరికింది. మేడమ్‌కు ఇచ్చి దండం పెట్టాను. మీ ఇద్దరికీ రెండు ఆకులు ఈ కవర్లోనే ఉన్నాయి.

సిరి


నాచారం,
6 అక్టోబర్.

బిడ్డా,

జమ్మి అందింది. కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టినాము.

కళ్ళు మూసుకుని కొడితే పాస్‌వర్డ్ పడింది! గొట్టం ఎర్రగా వెలిగింది! నా మాట నేనే రికార్డు చేసి విన్నాను. "ఏంది, నా గొంతు గిట్లుంటదా?" అని మీ అత్తమ్మను అడిగితే, "ముప్పై ఏండ్ల సంది నేను ఇనేది గదే" అన్నది. శనివారం అప్‌డేట్ కూడా చేసినాను. అరగంట అన్నావు, రెండు గంటలు పట్టింది. నేను కుర్చీ దిగలేదు. మిషను నడుస్తుంటే విడిచి పోకూడదని నా ఉస్తాదు చెప్పిన మాట.

గురువారం దసరా బాగా జరిగింది. ఎప్పటి తీరుగనే వైస్, డ్రిల్లు, ఆకురాళ్ళు, సైకిలు అన్నీ కడిగి వరుసగా పెట్టి పూజ చేసినాము. నీ యంత్రం కూడా ఇప్పుడు మన ఇంటి పనిముట్టే కదా, దాన్ని నడుమ కూర్చోబెట్టినాము. కొబ్బరికాయ నీళ్ళు దాని మీద పడకుండా నేనే చెయ్యి అడ్డం పెట్టినాను. అచ్యుతరావు గారు కూడా జమ్మి తెచ్చి ఇచ్చినాడు.

కానీ అప్‌డేట్ అయినంక కెమెరా పోయింది. తెరలో నా ముఖం లేదు. చీకటి. నాలుగుసార్లు ఆపి లేపినాను. అదే చీకటి. అచ్యుతరావు గారు దిగివచ్చి చూసి, "నేను చెప్పలేదుటండీ? బాగున్నదాన్ని బాగుచేస్తే ఇలాగే ఉంటుంది" అని పైకి పోయినాడు. ఆ మనిషి మెట్లెక్కుతూ ఈల వేయడం నేను విన్నాను.

ఇరవై ఒక్క దినాలే ఉన్నాయి. ఏం చేద్దాం?

మామ


క్యాంపు,
9 అక్టోబర్.

మామా,

రెండు రోజులుగా అన్నం సయించలేదు. అప్‌డేట్ చేయమన్నది నేనే. లినక్స్‌లో కెర్నల్ అని ఒకటుంటుంది. యంత్రంలోని భాగాలన్నిటి చేత పని చేయించే మేస్త్రీ అనుకో. అప్‌డేట్‌తో కొత్త మేస్త్రీ వచ్చాడు, వాడికి నీ కెమెరాతో పడటం లేదు. అంతే అయి ఉంటుంది. పాత మేస్త్రీ ఇంకా లోపలే ఉన్నాడు.

ఆన్ చేయగానే ఎస్కేప్ మీట కొడుతూ ఉండు. ఒక పట్టిక వస్తుంది. అందులో రెండో వరుసకు పోయి, పాత అంకె ఉన్నదాన్ని ఎంచుకో. అప్పటికీ రాకపోతే వెనక రాసిన ఆరు ఆజ్ఞలూ వరుసగా కొట్టి, తెర మీద ఏం వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. ఏదీ వదలకు.

బంగారంలా నడుస్తున్నదాన్ని నేనే పాడు చేశాను. క్షమించు మామా.

సిరి


నాచారం,
13 అక్టోబర్.

బిడ్డా,

క్షమాపణలు మన ఇంట్లో వద్దు. అన్నం తిను.

నీవు చెప్పినవన్నీ చేసినాను. పాత మేస్త్రీని పిలిచినాను, కొత్తవాణ్ణి పక్కన నిలబెట్టినాను. ఆరు ఆజ్ఞలు కొట్టినాను. జవాబులన్నీ ఫ్యాక్టరీ లాగ్‌బుక్కు తీరుగ తొమ్మిది పేజీలు రాసినాను, ఇందులోనే ఉన్నాయి. నాకు అర్థమైనవి ఇవి మాత్రమే. కెమెరా ఉన్నదనే అంటున్నది. తెర పై అంచు మీద చిన్న తెల్ల దీపం వెలుగుతున్నది. కానీ చూపు లేదు. రాత్రి చీకటి లెక్క నల్లగా కూడా లేదు, కళ్ళు మూసుకుని ఎండకు తిరిగితే కనబడే ఎర్ర చీకటి ఉంటుంది చూడు, అట్లున్నది.

అచ్యుతరావు గారు ఈసారి ఎగతాళి చేయలేదు. అదే నాకు ఎక్కువ బాధ అయింది. పక్కన కూర్చుని, "బిక్షపతి గారూ, ఉప్పల్లో నాకు తెలిసిన షాపతను ఉన్నాడు. ఇదంతా చెరిపేసి డబ్బులిచ్చి కొనేది వేసి ఇస్తాడు. మీకు ముఖ్యం పాఠమా, మేనకోడలి లినక్సా?" అని అడిగినాడు. నీవు వారం రోజులు కూర్చుని కట్టి ఇచ్చింది చెరిపేయడానికి నాకు చెయ్యి రాదు. అట్లని ఇట్లనే కూర్చుంటే తారీఖు దగ్గరికొస్తున్నది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బిడ్డా, కొమురెల్లికి వద్దని కబురు చేద్దామనుకుంటున్నాను. అరవై ఒకటో ఏట ఈ కోరిక ఏమిటి? ఉన్న నాలుగు పనిముట్లు తుడుచుకుంటూ కూర్చుంటే ఎవరు వద్దన్నారు? నీ చదువు కాలం నా కెమెరాకు పోతున్నది.

మామ


క్యాంపు,
16 అక్టోబర్.

మామా,

కొమురెల్లి మామకు కబురు పంపావో, నేను అడవి నుంచి నడిచి వస్తా చెబుతున్నా. తుడుచుకుంటూ కూర్చుంటాడట! ఎవరు ఒప్పుకుంటారు? నాకు ఎంత కోపం వచ్చిందంటే, నీ తొమ్మిది పేజీలూ టేబుల్ మీద పడేసి బయటికి పోయాను.

తిరిగి వచ్చేసరికి తారామణి మేడమ్ వాటిని చదువుతూ కూర్చున్నారు. ఆవిడది కాకినాడ, మాట మెల్లగా ఉంటుంది. "ఎంత చక్కగా రాశారే మీ మామయ్య! మన కుర్రాళ్ళకి ఇలా రాయడం నేర్పించవచ్చుగా" అన్నారు. తర్వాత, "అమ్మాయ్, దీపం వెలుగుతోంది, యంత్రం కెమెరా ఉందంటోంది. అప్‌డేట్‌తో పోతే కటిక నలుపైనా ఉండాలి, లేదా ఏదో తప్పని రాయాలి. ఎర్ర చీకటి అంటున్నారంటే అది చూస్తూనే ఉంది. దాని కంటికే ఏదో అడ్డం ఉంది" అన్నారు.

నాకు అప్పుడు తట్టింది మామా. నీ 6వ తారీఖు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అప్‌డేట్ శనివారం చేశావు. దసరా గురువారం.

కెమెరా ఎక్కడుంటుందో నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా? తెర పై అంచు నడుమ, ఆ తెల్ల దీపం పక్కనే, ఆవగింజంత గుండ్రటి చుక్క. అదే కన్ను.

దసరా రోజు నా ల్యాప్‌టాప్‌కు బొట్టు ఎక్కడ పెట్టారు?

సిరి


నాచారం,
20 అక్టోబర్, దీపావళి.

బిడ్డా,

ఆ ఒక్క వాక్యం చదివినాను. ఉత్తరం పట్టుకుని లేచి వంటింట్లోకి పోయి కిటికీ ముందు నిలబడినాను. పై అంచు నడుమ, దీపం పక్కన, పసుపు రాసి దాని మీద కుంకుమ, చక్కగా గుండ్రంగా, పావలా అంత బొట్టు. పద్దెనిమిది దినాల నుంచి నా ఎదురుగా ఉన్నది. వైస్‌కు ఉన్నది, డ్రిల్లుకు ఉన్నది, సైకిలు హ్యాండిల్‌కు ఉన్నది, దీనికీ ఉన్నది. పూజ చేసిన పనిముట్టుకు బొట్టు ఉండటం నా కంటికి వింతా? నేను తెర మొత్తం అద్దం లెక్క చూస్తుందనుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినాము, నేను నాచారంలో, నీవు అడవిలో.

మీ అత్తమ్మను పిలిచి చూపించినాను. "నువ్వే గద పెట్టింది?" అన్నాను.

"నేనే. నుదురు ఆడ గాకపోతే ఏడ ఉంటది? ఎవలన్న మోకాలికి వెడుతరా బొట్టు?" అన్నది.

తుడుస్తానంటే చెయ్యి పట్టుకున్నది. "పండుగ పూట పూజ బొట్టు తుడుస్తవా? నీకేమన్న పాపం పుణ్యం ఉన్నదా?" కెమెరా కన్ను దాని కింద ఉన్నదని చెప్పినాను. దానికి కన్నుంటుందని ఆమెకూ తెలియదు. "అయ్యో, కండ్ల వెట్టిన్నా దానికి? మండిందో ఏమో" అన్నది. తర్వాత తనే దూదిని నీళ్ళలో ముంచి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు మెల్లగా తుడిచింది. వెంటనే మూత వెనక భాగంలో కొత్త బొట్టు పెట్టింది. అప్పుడు గాని ఆమెకు నిమ్మళం కాలేదు.

తెరలో ఇద్దరం కనబడినాము. ఆమె కొంగు సర్దుకున్నది.

అచ్యుతరావు గారికి కబురు చేస్తే మెట్లు దిగి వచ్చి, బొట్టు కథ విని, గట్టు పట్టుకుని నవ్వినాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నా కంప్యూటర్ కూడా లినక్స్ చేయించవచ్చునంటారా?" అన్నాడు. నీవు వచ్చినంక చూద్దామన్నాను. ఆమాత్రం బెట్టు చేయకపోతే ఎట్లా?

అంతా బాగయింది కదా, మరి నాకు సంతోషం కావాలి కదా? అయింది, ఒక పూట. ఆ తర్వాత భయం పట్టుకున్నది. ఇన్ని దినాలు నెట్టు లేదు, మైకు లేదు, కెమెరా లేదు అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఇప్పుడు మద్దెల బాగున్నది, ఆడవలసింది నేనే. ఆకురాయి ఎట్ల పట్టాలో పన్నెండు పేజీలు రాసినాను. చదువుతుంటే నాకే నిద్ర వస్తున్నది. చేతితో చేసేది నోటితో ఎట్ల చెబుతారు బిడ్డా? నాకు పాఠం చెప్పడం రాదని ఇప్పుడు తెలుస్తున్నది. ఒక్క మాట రాయి.

ఈసారి అడుగుతున్నది యంత్రం గురించి కాదు.

మామ


క్యాంపు,
23 అక్టోబర్.

మామా,

అత్తమ్మ "మండిందో ఏమో" అన్నది చదివి మేడమ్, నేను పొట్ట పట్టుకుని నవ్వాం.

పాఠం చెప్పడం రాదా నీకు? నేను ఆరో తరగతిలో సెలవులకు వచ్చినప్పుడు, స్క్రూగేజీ నా చేతిలో పెట్టి, నా తల వెంట్రుక ఒకటి పీకి, "ఎంత మందం ఉంటదో జెప్పు" అన్నావు. చెప్పలేదు, అడిగావు. నేను తప్పు చెప్పాను. నువ్వు నవ్వలేదు, "కొలిచి సూడు" అన్నావు. ఆ రోజంతా ఇంట్లో ఉప్పు రాయి నుంచి అత్తమ్మ గాజు దాకా అన్నీ కొలిచాను. నేను ఈ అడవిలో నేలను కొలుస్తూ కూర్చున్నానంటే అక్కడ మొదలైందే. నువ్వు నా మొదటి మాస్టారువి మామా. ఇన్నేళ్ళూ ఆ మాట నీతో అనకపోవడం నా తప్పు.

పన్నెండు పేజీలు అత్తమ్మకు పొయ్యి కిందికి ఇచ్చేయి. గ్యాస్ అంటావేమో, అయినా ఇచ్చేయి. వాళ్ళను అడుగు, కొలిపించు. అంతే.

సిరి


నాచారం,
28 అక్టోబర్, మంగళవారం.

బిడ్డా,

బండి పదింటికి బయలుదేరుతుంది, గబగబా రాస్తున్నాను. తీసుకున్నారు! నవంబర్ 3 నుంచి వారానికి నాలుగు రోజులు, పది నుంచి పన్నెండు దాకా. కొమురెల్లి ఫోన్లో ఏడ్చినాడు, నేనూ ఏడ్చినాను, ఇద్దరమూ జలుబు అని చెప్పుకున్నాము.

నిన్న ఎట్ల జరిగిందో చెబుతాను. పొద్దున్నే మీ అత్తమ్మ వంట ముగించింది, ఒక్క చారు తప్ప. వైస్ మీద ఇనుప ముక్క బిగించినాను. పదకొండుకు తెరలో ముగ్గురు పెద్దవాళ్ళు, పదకొండు మంది పిల్లలు డబ్బాలు డబ్బాలుగా వచ్చినారు. నేను పన్నెండు పేజీలూ పొయ్యి కిందికి ఇవ్వలేదు, భయానికి దగ్గరే పెట్టుకున్నాను. మొదటి పేజీ చదివినాను. రెండో పేజీలో ఒక పిల్లగాడు ఆవలించినాడు.

అప్పుడు కాగితాలు బోర్లించినాను. "మీ కాడ స్టీలు స్కేలు ఉన్నదా? మీ బల్ల అంచు చదునుగ ఉన్నదంటరా, లేదంటరా?" అని అడిగినాను. అందరూ ఉన్నది అన్నారు. "నిలువుగ ఆనిచ్చి, వెలుతురుకు పట్టి సూడున్రి. సందుల నుంచి వెలుగు అగుపిస్తె అది చదును కాదు" అన్నాను. అంతే. బిడ్డా, డబ్బాల్లో ఒక్కరు కూర్చుని లేరు. ఒకడు కిటికీ కాడికి ఉరికినాడు, ఒకడు కుర్చీ ఎత్తినాడు. పెద్దవాళ్ళలో ఒకాయన తన బల్లకే స్కేలు పెట్టి కన్ను మూసి చూస్తున్నాడు. చదునుగా ఉన్న బల్ల ఒక్కటీ దొరకలేదు. ఇగ చూడండి అని నేను వైస్ కాడికి పోయి ఆకురాయి పట్టినాను. నాలుగు తోపులు, స్కేలుతో చూడటం, మళ్ళీ నాలుగు తోపులు. కెమెరా ఉన్నదనే మరిచిపోయినాను.

అట్ల పని మీద ఉన్నప్పుడు రాణి అనే ఒక పిల్ల పిలిచింది. "సార్" అన్నది. నేను పని ఆపలేదు. "సార్, నాది జర వంకర అగుపిస్తుంది సార్, సూడున్రి" అన్నది. పెద్దవాళ్ళలో ఎవరినో అనుకున్నాను. మూడోసారి "సార్" అని గట్టిగా పిలిచేసరికి, మన ఇంటికి ఏ సారు వచ్చినాడో అని ఆకురాయి పట్టుకునే వెనక్కి తిరిగి చూసినాను.

వెనక చారు కాగుతున్నది. మీ అత్తమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె గరిటె ఎత్తి నా వైపే చూపించింది.

"నిన్నే. పలుకు" అన్నది.

నీ మామ,
బిక్షపతి